మైకు ముందు నిలబడబోయే జూనియర్‌కు

నల్లగొండ

బిడ్డా,

నవంబర్ 26న మన వకీళ్ల రాజ్యాంగ దినోత్సవ సభలో కొత్త సాక్ష్య చట్టం మీద నిన్ను మాట్లాడమన్నారని, అదే వేదిక మీద సన్మానం కూడా ఉందని గుమాస్తా చెప్పాడు. చాలా సంతోషం. నా ఆఫీసులో వాయిదాల డైరీ రాస్తూ మొదలుపెట్టినదానివి. నీకు టెన్షన్‌గా ఉందని కూడా విన్నాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఉపన్యాసం సంగతి. కొత్త సాక్ష్య చట్టం మొత్తం చెప్పాలని చూడకు. అది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, బేర్ యాక్ట్, అంటే చట్టం పాఠం ఉన్న పుస్తకం, అందరి దగ్గరా ఉంటుంది. ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా ఎలా పెట్టాలో చెప్పే సెక్షన్ 63 ఒక్కటే తీసుకో. మన చేతులు పాత చట్టంలో ఇదే పనికి ఇచ్చే 65బి సర్టిఫికెట్‌కు అలవాటు పడ్డాయి. ఇప్పుడు చట్టం షెడ్యూల్‌లోనే నమూనా ఇచ్చారు. పార్ట్ ఎ పార్టీ నింపాలి, పార్ట్ బి నిపుణుడు నింపాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) రాయాలి. ఆ ఖాళీ ఫారాన్ని జిరాక్స్ తీయించి వరుసల్లో పంచు. ఏదో ఒక దుకాణం సీసీ కెమెరా ఫుటేజీ కోర్టులో వేస్తున్నామనుకుని, ఒక్కో గడి అందరితో నింపించు. మర్నాడు కోర్టులో పనికొచ్చే కాగితం చేతిలో పెట్టుకుని పోతారు.

తీర్పుల పేరాలు చదవొద్దు. చాలా ఏళ్ల కిందట దేవరకొండ వైపు ఒక తండాలో న్యాయ విజ్ఞాన సదస్సుకు వెళ్లాను. 1987 నాటి న్యాయ సేవల చట్టం మీద నలభై నిమిషాలు మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. జీపు ఎక్కుతుంటే ఒక లంబాడా తల్లి వచ్చి, "సారూ, నా బిడ్డ కేసుకు సర్కారు వకీలును పెడ్తదా? మా దగ్గర ఆదాయం సర్టిఫికెట్ లేదు" అంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇవ్వాలని సెక్షన్ 12 చెబుతుంది. ఆ ఒక్క మాట కోసం ఆమె కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చుంది. నేను సెక్షన్ నంబరు చెప్పాను కానీ ఆ మాట ఆమెకు అందేలా చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా, ఎదురుగా కూర్చునేవాళ్లు నన్ను ఏం అడగాలని వస్తున్నారో ముందు రాసుకుంటాను. నువ్వూ అలాగే మొదలుపెట్టు.

ఇక శాలువా. తోటి వకీళ్లు కప్పితే రెండు చేతులా తీసుకో, మొహమాటపడకు. ఫీజు కట్టమని ఫోన్ చేసి అవార్డు ఇస్తామనేవాళ్లకు మాత్రం వద్దని చెప్పు. నీ దగ్గర కేసు నడుస్తున్న పార్టీ సన్మానం చేస్తానన్నా ఒప్పుకోకు, అవతలి పార్టీ కూడా చూస్తూ ఉంటాడు.

అభిమానంతో ఎవరైనా గడియారం సెంటర్‌లో ఫ్లెక్సీ కడతామంటే ఆపు. వకీళ్ల నియమాలు చూసే బార్ కౌన్సిల్ 36వ నిబంధన మనకు ప్రకటనలు ఒప్పుకోదు. ఏదైనా బార్ సంఘానికి అధ్యక్షులమనో, ఫలానా కేసుల్లో స్పెషలిస్టులమనో నేమ్‌ప్లేట్ మీద కూడా రాసుకోకూడదు. బ్యాండు, గౌను కోర్టు వరకే, సభకు వేసుకుని వెళ్లకు.

మన వృత్తిలో పెద్ద గౌరవం అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 16 కింద హైకోర్టు, సుప్రీంకోర్టు ఇచ్చే సీనియర్ అడ్వకేట్ హోదా. అది వచ్చినవాళ్లు వకాలత్ (పార్టీ తన వకీలుకు ఇచ్చే అధికార పత్రం) దాఖలు చేయకూడదు, ఇంకో వకీలు పక్కన లేకుండా వాదించకూడదు. ఇచ్చిన గౌరవంతో పాటే ఇన్ని కట్టుబాట్లు పెట్టారు. అందుకే ఆ హోదా అంటే నాకు గౌరవం.

రాసుకున్నది ఇంట్లో రెండుసార్లు పైకి చదువు. ఇరవై నిమిషాలు దాటితే కోసెయ్, ప్రశ్నలకు టైం మిగలాలి. ఫారం జిరాక్సులు కొన్ని ఎక్కువే తీయించు. నేను చివరి వరసలో కూర్చుంటాను. వినిపించకపోతే చేయి ఎత్తుతాను, చూస్తూ ఉండు.

ఆశీస్సులతో,
మీ సీనియర్