సంఘం పెట్టుకున్నా కూలి పెరగడం లేదు: సమాధానం

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే మహిళలు 1995 నాటి మాక్స్ చట్టం (పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం) కింద సంఘం పెట్టుకున్నా మేస్త్రీ కాలం నాటి కూలే అందుతోందని రాశారు. లోపం వ్యాపారి ఇచ్చే రేటులో కంటే మీ బైలా (సంఘం నియమావళి)లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఖర్చులు పోగా సంఘానికి మిగిలే మిగులును వాటాధనం లెక్కన పంచుతుంటే, ఎక్కువ వాటాలు కొన్న ఇద్దరు ముగ్గురికే డబ్బు చేరి, మేస్త్రీ కమీషనే పేరు మార్చుకుని కొనసాగుతుంది.

1. బైలాలో మిగులు పంపిణీ నిబంధన చదవండి. మనిషికో ఓటు ఉంది కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఓటు సమానమైనంత మాత్రాన డబ్బు సమానంగా రాదు.

2. ఎక్కువమంది వదిలేసేది పని లెక్క. ఏ సభ్యురాలు ఎన్ని కిలోల కాయ తొడిమ తీసిందో ప్రతి సాయంత్రం కాటా వేసి, సంఘం రిజిస్టరులోనూ ఆమె సొంత పుస్తకంలోనూ ఒకేసారి రాసి, ఆమె చేత సంతకమో వేలిముద్రో వేయించాలి. ఈ లెక్క లేకుండా "చేసిన పనిని బట్టి మిగులు" అని బైలాలో ఎంత అందంగా రాసుకున్నా ఏడాది చివర పంచడానికి ఆధారం ఉండదు.

3. తర్వాత మిగులును చేసిన పనిని బట్టి పంచేలా సర్వసభ్య సమావేశంలో బైలా సవరించి సహకార సంఘాల రిజిస్ట్రారుకు పంపండి. నమోదయ్యేదాకా అది అమల్లోకి రాదు.

4. మిగులులో కొంత నిల్వనిధికి తీయండి. వ్యాపారి చెల్లింపు ఆలస్యమైన వారం కూలీ డబ్బుకు మళ్లీ మేస్త్రీ దగ్గరికే వెళ్లాల్సి వస్తే సంఘం ఉండీ లేనట్టే. కేరళలో 1925లో కూలీలు పెట్టుకున్న ఊరాలుంగల్ సంఘం బైలా దొరికితే పక్కన పెట్టుకుని చూడండి.