ఒకే ఫ్లాట్‌లో ఐదుగురు: జబ్బు ఏ దారిన వస్తుంది?

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. ఇండియా నుంచి ఈ దేశం వచ్చి రెండు నెలలు కూడా కాని కుర్రాడు. కాలేజీలో చేరేటప్పుడు చేసిన రక్తపరీక్షలో టీబీ పాజిటివ్ అని వచ్చిందట. "అక్కా, నా కంచం, గ్లాసు వేరే పెట్టేసుకున్నాను. రూమ్‌లో వాళ్లకి ఇంకా చెప్పలేదు. నన్ను వెనక్కి పంపించేస్తారా?" అని అడిగాడు, గొంతు వణుకుతోంది. దగ్గుందా, సాయంత్రాలు జ్వరం వస్తోందా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గావా అని అడిగాను. ఏమీ లేవన్నాడు. నేను డాక్టర్ని కాను. కానీ ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉండి, కొత్తగా వచ్చిన పిల్లలతో ఆసుపత్రులకు తోడు వెళ్తూ నేర్చుకున్నది కొంత ఉంది. ఆ రాత్రి అతనికి చెప్పినదాన్నే ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను.

టీబీ క్రిమి ఒంట్లో ఉండటం వేరు, టీబీ జబ్బు రావటం వేరు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగోవంతు మందిలో ఈ క్రిమి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో జీవితకాలంలో ఎప్పుడైనా జబ్బుగా మారేది 5 నుంచి 10 శాతం మందికే. మిగతావాళ్లలో క్రిమి నిద్రపోతూ ఉంటుంది, ఆ స్థితిలో అది ఎవరికీ అంటదు. ఊపిరితిత్తుల్లోనో గొంతులోనో జబ్బు ముదిరినవాళ్లు దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు గాలిలో కలిసే క్రిములే ఇంకొకరి ఊపిరిలోకి వెళ్తాయి. అది కూడా ఎక్కువగా ఒకే గదిలో గంటల తరబడి, రోజుల తరబడి కలిసి ఉన్నవాళ్లకి. కంచం, గ్లాసు, దుప్పటి, షేక్‌హ్యాండ్, వీటి వల్ల టీబీ రాదు.

ఇంకో మెలిక ఉంది. చిన్నప్పుడు టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా పడినవాళ్లకి, చేతి చర్మంలోకి మందు ఎక్కించి 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడిన చోటు కొలిచే పరీక్షలో, క్రిమి లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఐజీఆర్‌ఏ అనే రక్తపరీక్షకు బీసీజీతో సంబంధం లేదు. కాబట్టి చర్మపరీక్ష పెడతామంటే "నాకు బీసీజీ వేశారు, రక్తపరీక్ష చేస్తారా?" అని అడగండి. మా కుర్రాడికి చేసింది రక్తపరీక్షే కనక నెపం బీసీజీ మీదకి నెట్టే వీల్లేకపోయింది. ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉంది. ఇప్పుడు నిద్రలో ఉన్న క్రిమికి మాత్రలు వాడుతున్నాడు. మందును బట్టి మూడు నాలుగు నెల్ల కోర్సులు ఉన్నాయి, ఇంకా ఎక్కువ కాలం వాడేవీ ఉన్నాయి. ఈ మందులు కొందరిలో లివర్ మీద పనిచేస్తాయి కాబట్టి ఆ రోజుల్లో మద్యం ముట్టకూడదు, కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగుకి తిరిగినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. "జబ్బే లేనప్పుడు మందెందుకు?" అని మానేసేవాళ్లని చూశాను. దయచేసి మానకండి. ఒంట్లో చేరిన మొదటి రెండేళ్లలోనే క్రిమి లేచే అవకాశం ఎక్కువ. తర్వాత ఎప్పుడైనా షుగర్ వచ్చినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాల్సి వచ్చినా అది లేవచ్చు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ గ్లాసు సంగతి. రెండు వారాలు ఒంటరిగా, విడిగా తిన్నాడా పిల్లాడు, టీబీ నడవని దారికి కాపలా కాస్తూ. ఈ పొరపాటు కొత్తది కాదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు చెడుగాలి వల్లే వస్తోందని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, ఎక్కువ భాగం బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ తేలాయి. గాలి కాదు, నీళ్లు. 2020లో కోవిడ్ విషయంలో సరిగ్గా తిరగబడింది. తెచ్చిన ప్రతి వస్తువునీ తుడిచాం, కడిగాం. అది ఎక్కువగా వచ్చింది గాలిలో, కిటికీలు మూసిన గదుల్లో. అందుకే ఏ జబ్బు పేరు విన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఏ దారిన వస్తుంది?

నేను వచ్చిన మొదటి చలికాలం, ఐదుగురం ఒకే బాత్‌రూమ్ వాడేవాళ్లం. ఒక రాత్రి ఒకమ్మాయికి వాంతులు మొదలయ్యాయి. బాత్‌రూమ్ దాకా వెళ్లేలోపు హాల్లోనే అయిపోయింది. నేను టిష్యూలతో తుడిచేసి, చేతులకు శానిటైజర్ రాసుకుని, వెళ్లి అందరికీ వంట చేశాను. మూడో రోజుకి ఐదుగురం పడిపోయాం. బకెట్ కోసం ఒకరినొకరు పిలుచుకున్న రాత్రి అది.

అది వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లక్షణం. ఒక మనిషికి అంటడానికి చాలా కొద్ది వైరస్ కణాలు చాలు. ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద సరిగా పనిచేయదు. సబ్బు రాసి, 20 సెకన్లు రుద్ది, నీళ్ల ధార కింద కడగాల్సిందే. వాంతి పడ్డచోట చేతికి గ్లవ్స్, మూతికి మాస్క్ వేసుకుని తుడిచి, బ్లీచ్ నీళ్లు పోసి కనీసం ఐదు నిమిషాలు అలా వదిలేయాలి. ఆ బట్టలు వేడినీళ్లతో విడిగా ఉతకాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట: వాంతులు, విరేచనాలు ఆగాక కూడా 48 గంటలు ఆ మనిషి వంట చేయకూడదు. తగ్గిపోయిందని లేచి, మొహమాటానికి తన వంతు వంట తాను చేసేవాళ్లే మిగతావాళ్లకి అంటిస్తారు. ఆ రెండు రోజులు వంతు మార్చుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు ఎవరూ పైకి చెప్పుకోని దాని గురించి. గజ్జి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇది మురికితనం వల్ల వచ్చేది కాదు. చర్మంలో సొరంగాలు తవ్వుకుని బతికే, కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. చర్మానికి చర్మం కొంతసేపు ఆనితే, ఒకే పరుపు మీద పడుకుంటే అంటుకుంటుంది. ఐదుగురు రెండు పరుపుల మీద సర్దుకునే మొదటి నెలల్లో ఇంతకన్నా అనువైన చోటు దానికి దొరకదు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ దురద, రాత్రయ్యేసరికి ఎక్కువవుతుంది. మొదటిసారి వచ్చినవాళ్లకి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, ఆ వారాల్లో కూడా ఇంకొకరికి అంటించగలరు. నాకు తెలిసిన ఒక ఇంట్లో నలుగురు అబ్బాయిలు ఎవరికి వారు రహస్యంగా మందు రాసుకున్నారు, ఒకరికి తగ్గేసరికి ఇంకొకరి నుంచి మళ్లీ వచ్చేది. మూడు నెలలు అలాగే గడిచాయి. చివరికి ఒకడు నోరు విప్పాడు. డాక్టరు ఇచ్చిన పెర్మెత్రిన్ క్రీమ్ ఒకే రాత్రి నలుగురూ మెడ నుంచి అరికాళ్ల దాకా పూసుకున్నారు, వారం తర్వాత ఇంకోసారి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి వేడి డ్రైయర్‌లో ఆరబెట్టారు. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వారం పక్కన పెట్టారు. మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉండొచ్చు, అది చూసి భయపడి మళ్లీ మళ్లీ మందు పూయకండి.

రేజర్, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వాళ్లే వాడుకోండి. హెపటైటిస్ బి వైరస్ రక్తం ద్వారా వస్తుంది, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. అదే మనిషితో కలిసి భోంచేయడానికి, పక్కన కూర్చోడానికి ఏ భయమూ అక్కర్లేదు. దీనికి టీకా ఉంది.

టీకా అంటే గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు సర్టిఫికెట్లన్నీ ఫైలులో పెట్టుకుంటారు, టీకాల కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. తట్టు (మీజిల్స్) సంగతి చెబుతాను, ఎందుకంటే గాలిలో వచ్చేవాటిలో ఇంత వేగంగా పాకేది ఇంకొకటి లేనట్టే. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ ఆ గాలిలో ఉండగలదు. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిదిమందికి దాకా వస్తుంది. ఒంటి మీద ఎర్ర దద్దుర్లు కనపడటానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తుంది, అంటే ఉత్త జలుబనుకుని క్లాసుకి వెళ్లిన రోజుల్లోనే. ఎంఎంఆర్ టీకా రెండు డోసులు పడితే దాదాపు 97 శాతం రక్షణ. కాగితం దొరక్కపోతే కంగారు పడొద్దు. రక్తపరీక్షలో రక్షణ ఉందో లేదో చూస్తారు, లేదా టీకాయే మళ్లీ వేస్తారు. ఇంతకుముందు పడి ఉన్నా మళ్లీ వేసుకోవడం వల్ల హాని లేదు. గర్భిణులకు మాత్రం ఇది వేయరు, కాబట్టి పిల్లల కోసం అనుకుంటున్న జంటలు ముందే చూసుకోండి. ఆటలమ్మ చిన్నప్పుడు రాకపోతే దాని టీకా గురించి కూడా అడగండి, పెద్దయ్యాక వస్తే ముదిరే అవకాశం ఎక్కువ.

ఫ్లూ, జలుబు గురించి ఎక్కువ రాయను. జ్వరం మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ అంటుతుంది, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు. ఎంత చలిగా ఉన్నా రోజూ కాసేపు కిటికీ తెరవండి. జలుబుకి, ఫ్లూకి సూట్‌కేసులో తెచ్చుకున్న యాంటీబయాటిక్ వేసుకోకండి, అది వైరస్ మీద పనిచేయదు.

జబ్బు ఏదైనా మొదటి రోజే రూమ్‌లో వాళ్లకి చెప్పండి. "నాకు జ్వరంగా ఉంది, రెండు రోజులు నా గదిలోనే ఉంటాను, భోజనం తలుపు దగ్గర పెట్టండి" అన్న ఒక మెసేజ్ చాలు. సెలవు పెడితే ఉద్యోగం పోతుందేమో, ప్రొఫెసర్ ఏమంటాడో అన్న టెన్షన్ నాకు తెలుసు, నేనూ పడ్డాను. జ్వరంతో నేను రాసిన ఒక పరీక్ష మూలంగా పక్క సీటు అమ్మాయి రెండు పరీక్షలు పోగొట్టుకుంది. ఆమెకి చిన్న పసిబిడ్డ ఉందని నాకు తర్వాత తెలిసింది.

చివరగా, ఊరెళ్లి తిరిగొచ్చినవాళ్లకి. వచ్చాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే డాక్టరు దగ్గర మొట్టమొదట చెప్పాల్సింది, ఏ దేశం నుంచి ఏ తేదీన వచ్చారో. చలికాలంలో ఇక్కడి డాక్టరు చూడగానే ఫ్లూ అనుకుంటారు, అది సహజమే. టైఫాయిడ్ బయటపడటానికి మూడు వారాల దాకా పట్టొచ్చు. మలేరియా అయితే నెలల తర్వాత కూడా రావచ్చు, ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ప్రయాణం సంగతి చెప్పమంటారు. డెంగీ పక్కవాళ్లకి తాకితే అంటదు, దోమ కుట్టాల్సిందే, కానీ డెంగీ అన్న అనుమానం ఉన్నంతసేపు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకూడదు. పారాసిటమాల్ ఒక్కటే. ప్రయాణం తేదీలు ఫోన్లో రాసి పెట్టుకోండి. 103 డిగ్రీల జ్వరంలో అవి గుర్తురావు.