రిపోర్టు లేఅవుట్ ప్రోగ్రాంలోనే రాయాలా, బయట ఫైల్లో పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చిత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఏఎస్/400 (ఐబీఎం వారి బిజినెస్ కంప్యూటర్) మీద కొత్తగా పనికి చేరారు. పాత ఆర్‌పీజీ (ఆ కంప్యూటర్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష) రిపోర్టులన్నీ ప్రోగ్రాంలోనే ఓ-స్పెక్స్‌తో, అంటే కాగితం మీద ఏది ఎక్కడ రావాలో చెప్పే లైన్లతో, రాసి ఉన్నాయి. కొత్త కొనుగోలు రిపోర్టుకు డీడీఎస్‌తో (ఫైళ్ల రూపాన్ని వర్ణించే పద్ధతి) ప్రింటర్ ఫైల్, అంటే లేఅవుట్ ఉండే ఫైల్, విడిగా చేయమని ఒక సీనియర్ అంటున్నారు. అంతా ఒక్క చోట ఉంటేనే చదవడానికి తేలిక, ప్రోగ్రాంలోనే రాసెయ్యమని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నేనైతే బయటే పెడతాను. చెన్నైలో ఆరేళ్లు ఏఎస్/400 మీద పనిచేసి, తర్వాత మన వైపు వచ్చి ఒక పాల డెయిరీలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాంలు చూసుకున్నాను. రెండు పద్ధతులతోనూ పని చేశాకే ఈ మాట చెబుతున్నాను.

డెయిరీలో పది రోజులకొకసారి రైతులకు బిల్లు ఇస్తాం. తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం), రేటు, మొత్తం. 132 కాలమ్‌ల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, ముందే గీతలు అచ్చు వేయించిన స్టేషనరీ. ఆ లైను మొత్తం ప్రోగ్రాంలోనే ఉండేది: ఫిల్లర్ 5 ఖాళీలు, తేదీకి 10, మళ్లీ ఫిల్లర్ 3, ఇలా చివరిదాకా. ఎస్‌ఎన్‌ఎఫ్‌కి ఒక అంకె పెంచితే దాని కుడివైపు ఉన్నవన్నీ ఒక గడి జరిగేవి, రేటు వెళ్లి గీత మీద పడేది. హెడింగ్ లైన్లో, టోటల్ లైన్లో కూడా ఫిల్లర్లు సరిచేసి, కంపైల్ చేసి (ప్రోగ్రాంని మెషీన్ నడిపే రూపంలోకి మార్చి), పాత బిల్లు మీద కొత్త బిల్లు పెట్టి ట్యూబ్‌లైటు ముందు ఎత్తి చూసేవాళ్లం. అంకెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే సరే అనుకునేవాళ్లం.

అసలు దెబ్బ 2022లో తగిలింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు సెంటర్ల కాగితాల మీద చిత్తూరు జిల్లా అని ఉన్నచోట తిరుపతి జిల్లా అని రావాలి. ఆ మాట నేరుగా రాసి ఉన్న ప్రోగ్రాంలు 43 తేలాయి. ఒక్క లెక్క కూడా మారలేదు, అయినా 43 ప్రోగ్రాంలూ తెరవాల్సి వచ్చింది. జిల్లా పేరు కోసం ఒక ఇఫ్ (షరతు) రాస్తున్నప్పుడు చివర ఫుల్‌స్టాప్ పెట్టడం మరిచిపోయారు. కోబాల్‌లో ఎండ్-ఇఫ్ లేని పాత కోడ్‌లో ఇఫ్ ముగిసేది ఆ ఫుల్‌స్టాప్‌తోనే. దాంతో తర్వాతి లైన్లో ఉన్న దాణా అప్పు కోత కూడా ఇఫ్ కిందికి చేరింది. ఆ సెంటర్ల రైతులకు తప్ప ఇంకెవరికీ కోత పడలేదు. బిల్లులు పంచేలోపు పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. జిల్లా పేరు మార్చడానికి వెళ్లినవాళ్లు దాణా అప్పు లెక్క ఉన్న కోడ్‌ను ముట్టుకోవాల్సి రావడమే తప్పని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

ఆ తర్వాత బిల్లు తెలుగులో కావాలని రైతులు అడిగారు. న్యాయమైన కోరికే. కానీ కాలమ్‌లు లెక్కపెట్టే పద్ధతి తెలుగుకు పనికిరాదు. శ్రీకాళహస్తి అన్న మాట కంటికి ఐదు అక్షరాలు. అక్షరం, గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కేసే యూనికోడ్‌లో 12 కోడ్ పాయింట్లు, దాన్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 36 బైట్లు. ఇక ఫిల్లర్ ఎంత పెట్టాలి? అందుకని బిల్లు రూపం మొత్తాన్ని హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్‌లోకి (వెబ్ పేజీ లాంటి నమూనా ఫైల్) మార్చి పీడీఎఫ్ తీయడం మొదలుపెట్టాం. ప్రోగ్రాం అంకెలు ఇస్తుంది, ఏది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర రావాలో టెంప్లేట్ చూసుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. బయట పెట్టడం మరిగాక మా కుర్రాడొకరు టోటల్ కూడా టెంప్లేట్‌లోనే వేశాడు. 6.35 లీటర్లు, రేటు 31.47 అనుకోండి, 199.8345 వస్తుంది. ప్రోగ్రాం పూటపూటకూ 199.83కి రౌండ్ చేసి కలుపుతుంది, టెంప్లేట్ రౌండ్ చేయకుండా కలిపి చివర్లో రౌండ్ చేసింది. 20 పూటలూ అలాగే ఉంటే స్క్రీన్ మీద 3,996.60, కాగితం మీద 3,996.69. తేడా తొమ్మిది పైసలే. కానీ రైతు రెండూ పక్కపక్కన పెట్టి "ఏది నిజం సార్" అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. డబ్బు లెక్క ఏదైనా ప్రోగ్రాంలోనే పూర్తవ్వాలి. లేఅవుట్‌కి అందేది తేలిన అంకె మాత్రమే.

మీ ఏఎస్/400 సంగతికి వస్తే, డీడీఎస్‌లో హెడింగ్ మాటలు, స్థానాలు మార్చినప్పుడు ప్రింటర్ ఫైల్‌ని మళ్లీ క్రియేట్ చేస్తే చాలు, ప్రోగ్రాం జోలికి వెళ్లక్కర్లేదు. ఫీల్డు చేర్చినా, పొడవు మార్చినా మాత్రం ప్రోగ్రాం కూడా కంపైల్ చేయాలి. లేకపోతే ఫైల్ తెరవగానే లెవెల్ చెక్ (ప్రోగ్రాంకి తెలిసిన ఫైల్ రూపం, ఇప్పటి ఫైల్ రూపం ఒకటేనా అని చూసే తనిఖీ) ఎర్రర్, సీపీఎఫ్4131, వస్తుంది. టెన్షన్‌లో చాలామంది లెవెల్ చెక్‌ని ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్రర్ పోతుంది గానీ ఒక ఫీల్డు విలువ ఇంకో ఫీల్డులో పడవచ్చు, అది ఎవరికీ వెంటనే కనబడదు. ఇంకొకటి, అంకెలు ఎలా అచ్చు కావాలో చెప్పే మామూలు ఎడిట్ కోడ్ పెడితే కామాలు వేలల్లో పడతాయి, 1,234,567 అని. మన అకౌంట్స్ వాళ్లకు 12,34,567 కావాలి. దానికి కామాలు ఎక్కడ పడాలో మనమే చెప్పే ఎడిట్ వర్డ్ రాయాలి. పేజీ నిండిందా లేదా అన్నది ఎలాగూ ప్రోగ్రామే చూసుకోవాలి, ఓవర్‌ఫ్లో ఇండికేటర్ రాగానే హెడింగ్ మళ్లీ రాయించాలి.

స్క్రీన్లకైతే ఏఎస్/400లో ఈ చర్చే లేదు, డిస్‌ప్లే ఫైల్ డీడీఎస్‌లో చేయడమే అందరి అలవాటు.

రెండో సీనియర్ చెప్పిందీ కొట్టిపారేసే మాట కాదు. స్టాక్ తేడా వెతకడానికి ఒక్కసారి తీసి పారేసే లిస్టుకు ప్రింటర్ ఫైల్ చేయడం దండగ, ఓ-స్పెక్స్‌లో పది లైన్లు రాసెయ్యండి. నడుస్తున్న పాత రిపోర్టుల్ని కూడా ఇప్పుడే కదిలించకండి. ఏదో ఒక మార్పు కోసం ఎలాగూ తెరవాల్సి వచ్చినప్పుడు, ఆ ఒక్కదాని లేఅవుట్ బయటికి తీయండి.

కొత్త కొనుగోలు రిపోర్టుకు ముందు 132 గడుల కాగితం మీద హెడింగ్, వివరాల లైను, టోటల్ మూడూ పెన్సిల్‌తో రాసి అకౌంట్స్ వాళ్లకు చూపించండి. వాళ్లు ఒప్పుకున్నాక ఒక్కో లైనుకు ఒక్కో రికార్డ్ ఫార్మాట్ (ఆ లైను రూపం) పెట్టి డీడీఎస్ మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగితే ఆ సోర్స్ ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.