అన్నం తీసేశారు సరే, ఆ చోట ఏం పెట్టారు?

హాస్టల్ మెస్‌లో తింటూనే కార్బ్స్ (పిండిపదార్థాలు) తగ్గించాలనుకుంటున్న విశాఖ విద్యార్థుల ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: మద్దిలపాలెంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. బరువు 84 కిలోలు. పది రోజుల క్రితం అన్నం, టిఫిన్లు పూర్తిగా మానేశాను. కూర, సాంబారు, మజ్జిగతో సరిపెడుతున్నాను. మూడో రోజు నుంచి తలనొప్పి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. రాత్రి పదకొండు దాటాక ఆకలికి ఆగలేక నూడుల్స్ తినేస్తున్నాను. రోజుకు కార్బ్స్ 20 గ్రాములు దాటితే ఫలితం ఉండదని ఫ్రెండ్స్ అంటున్నారు. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ముందు తలనొప్పి సంగతి. పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గితే ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచకుండా బయటికి వదిలేస్తాయి, దాని వెంట నీరూ పోతుంది. పైగా మన వైజాగ్ ఉక్కపోత, చెమట. ఉత్త మంచినీళ్లు లీటర్లకొద్దీ తాగినా ఇది తగ్గదు, పోయింది ఉప్పు కాబట్టి. మొదటి వారం, పది రోజులు రోజుకు రెండు గ్లాసుల పల్చటి మజ్జిగలో గ్లాసుకు పావు టీస్పూను ఉప్పు వేసుకుని తాగండి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు మాత్రం ఈ పని చేయకూడదు. రెండు రోజుల్లో తేడా కనిపించకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ఇక ఆకలి. మీరు అన్నం తీసేశారు గానీ ఆ చోట ఏమీ పెట్టలేదు. మెస్ కూర ఒక గిన్నె తింటే వచ్చే ప్రొటీన్ రెండు మూడు గ్రాములు. సాంబారులో పప్పుకన్నా నీళ్లే ఎక్కువ. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే మీకు రోజుకు 70 గ్రాములు. మీరు చెప్పిన తిండిలో అందులో మూడో వంతు కూడా రాదు. అందుకే రాత్రి నూడుల్స్. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్‌లో దాదాపు 45 గ్రాములు పిండిపదార్థమే. మధ్యాహ్నం వదిలేసిన అన్నంలో సగం అర్ధరాత్రి తిరిగొచ్చిందన్నమాట.

20 గ్రాముల మాట మర్చిపోండి. అది కీటో, అంటే పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా మానేసే డైట్ లెక్క. సొంత వంటిల్లు, తూకం, ఫ్రిజ్ ఉన్నవాళ్లకే అది కష్టం. మెస్‌లో గ్రేవీ చిక్కబడటానికి శనగపిండి కలిపారో లేదో, ఆనపకాయ పులుసులో బెల్లం ఎంత వేశారో మీకు తెలియదు. 130 గ్రాముల లోపు ఉంటే లో కార్బ్ కిందకే వస్తుంది. మీరు 100 నుంచి 110 దగ్గర పెట్టుకోండి.

మామూలు హాస్టల్ రోజు ఎలా ఉంటుందో చూడండి. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాములు పిండిపదార్థం. మధ్యాహ్నం ప్లేటు నిండా పెట్టుకుంటే 350 గ్రాముల అన్నం, అంటే 98. రాత్రి 300 గ్రాములు, అంటే 84. పొద్దున నాలుగు ఇడ్లీలు 40. చక్కెర వేసిన రెండు టీలు 25. పప్పు, బంగాళాదుంప వేపుడు, నాలుగు బిస్కెట్లు కలిపి 50. మొత్తం 300కి అటూ ఇటూ.

దీన్ని ఇలా దించండి. పొద్దున రెండు ఇడ్లీలు, మూడు ఉడికించిన గుడ్లు, రెండు చెంచాల పల్లీ చట్నీ: 25 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల అన్నం, కూర రెండింతలు, చిన్న గిన్నెడు పప్పు, కప్పు పెరుగు: దాదాపు 58. సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు, చక్కెర లేని టీ: 10. రాత్రి అన్నం, చపాతీ లేకుండా కూర, మజ్జిగ, వాటితో 100 గ్రాముల చికెన్ ముక్కలు. చికెన్ లేని రోజు 100 గ్రాముల పనీర్, ఒక గుడ్డు: 15 నుంచి 18. మొత్తం 110కి అటూ ఇటూ, ప్రొటీన్ 70 దగ్గర. కూరల్లో బెండ, దొండ, బీర, వంకాయ, ఆనపకాయ, ఆకుకూరలు ఎంతైనా వడ్డించుకోండి. బంగాళాదుంప, చేమ, కంద, అరటికాయ వచ్చిన రోజు రెండు ముక్కలతో ఆగండి.

100 గ్రాముల అన్నం ఎంతో కంటికి తెలియాలంటే ఒక పని చేయండి. మీ స్టీలు గిన్నెను వీధి చివర కిరాణా కొట్టు తూకం మీద ఒకసారి ఖాళీగా, ఒకసారి అన్నంతో పెట్టించండి. అన్నం ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకుంటే చాలు, మళ్లీ తూచక్కర్లేదు. ఇంకో మాట: మిడ్ పరీక్షల వారంలో మొదలుపెట్టకండి. మొదటి నాలుగైదు రోజులు బుర్ర మందంగా ఉంటుంది.

ప్రశ్న: అన్నం మానేసి పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి మూడు చపాతీలు లేదా మసాలా ఓట్స్ తింటున్నాను. నెల దాటినా బరువు కదల్లేదు. చిరుధాన్యాలు మంచివే కదా? (గాజువాక నుంచి)

జవాబు: మంచివే, కానీ లో కార్బ్ కావు. చోళ్లు, కొర్రలు, ఓట్స్, గోధుమలు, బియ్యం: ఏది తీసుకున్నా పొడి గింజ తూకంలో పదింట ఆరు నుంచి ఎనిమిది పాళ్లు పిండిపదార్థమే. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, చోళ్లలో కాల్షియం బాగా ఎక్కువ. ఆ మేలు వేరు. మూడు చపాతీలంటే 55 నుంచి 60 గ్రాములు, 200 గ్రాముల అన్నంతో సమానం. బ్రౌన్ రైస్ కూడా అంతే. మీకు అంబలి ఇష్టమైతే ఒక గ్లాసు తాగండి, ఆ రోజు మధ్యాహ్నం అన్నం మానండి. రెండూ ఉంటే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: మా లేడీస్ హాస్టల్లో గుడ్డు వారానికి రెండుసార్లే ఇస్తారు. ఫ్రిజ్ లేదు. గదిలో ఏం వండుకోవచ్చు, ఏం దాచుకోవచ్చు? కెటిల్‌లో గుడ్లు ఉడికించవచ్చా? (చినవాల్తేరు నుంచి)

జవాబు: ముందు వార్డెన్‌ను అడగండి. కెటిల్ 1500 వాట్లది, ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పాత వైరింగ్ ఉన్న హాస్టల్లో రెండు గదుల్లో ఒకేసారి పెడితే ఫ్లోరంతా కరెంటు పోతుంది, పేరు మాత్రం మీకొస్తుంది. ఎగ్ బాయిలర్ 350, 400 వాట్లే, అనుమతి దొరకడం కాస్త తేలిక.

బాయిలర్‌తో వచ్చే కొలత కప్పు అడుగున సూది ఉంటుంది. గుడ్డు వెడల్పు వైపు దానితో చిన్న చిల్లు పెట్టాలి. ఆ వైపు గాలి గది ఉంటుంది, వేడికి గాలి వ్యాకోచించి పెంకు పగులుతుంది. నీళ్లు కప్పు మీద గట్టి గుడ్డుకు చూపిన గీత దాకా పోయాలి. తక్కువైతే పచ్చసొన కారుతుంది.

కెటిల్ తప్ప వేరే దారి లేకపోతే, గుడ్లు బాగా కడిగి, అవి మునిగేలా నీళ్లు పోసి మరిగించండి. స్విచ్ దానంతటదే పడిపోయాక మూత తియ్యకుండా 12 నిమిషాలు వదిలేయండి. తర్వాత చన్నీళ్లలో వేస్తే పెంకు సులువుగా వస్తుంది. ఆ నీళ్లతో టీ పెట్టకండి. గుడ్డు పగిలి తెల్లసొన అడుగున అంటుకుంటే నెలరోజులు ప్రతి టీకీ ఆ వాసనే. కాబట్టి గుడ్ల కెటిల్ వేరు, టీ కెటిల్ వేరు.

పచ్చి గుడ్లు నీడపట్టున, గాలి తగిలే చోట వారం ఉంటాయి, కాబట్టి డజనుకు మించి కొనకండి. ఉడికించినవి మాత్రం రెండు గంటల్లో తినేయాలి. పొద్దున ఉడికించి సాయంత్రం ల్యాబ్ అయ్యాక తింటామంటే మన ఎండకు కుదరదు. పనీర్ 200 గ్రాముల ప్యాకెట్ తెస్తే ఇద్దరు పంచుకుని ఆ పూటే ముగించండి. పెరుగూ అంతే, భోజనానికి ముందు తెచ్చుకోండి. పల్లీలు పావుకిలో చొప్పునే కొని గట్టి మూత డబ్బాలో పోయండి. సముద్రపు గాలి తేమకు అవి త్వరగా మెత్తబడి బూజు పడతాయి. ముక్కిన వాసన వచ్చినా, చేదు తగిలినా మొత్తం పారేయండి, వేయించి తిందామనుకోవద్దు. ఎండు నెత్తళ్లు పోషకాల్లో దివ్యంగా ఉంటాయి గానీ గదిలో పెడితే రూమ్మేట్లు మిమ్మల్నే బయట పెడతారు.

మెస్‌లో వండేవాళ్లతో మాట్లాడితే పని జరుగుతుంది. అన్నం తిననంత మాత్రాన బిల్లు తగ్గించరు. బదులుగా విడి డబ్బుకు రోజూ గుడ్లు ఉడికించి ఇవ్వమని పదిమంది కలిసి అడగండి. ఒక్కరు అడిగితే కుదరదంటారు, ముప్పై గుడ్ల ట్రే ఖర్చయ్యే మాటైతే వింటారు. వైజాగ్ గుడ్డు ధర వందకు ఇంత అని రోజూ పేపర్లో వస్తుంది, బేరానికి అది చాలు.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. పప్పు రెండు గిన్నెలు, పుట్నాలు తింటే ప్రొటీన్ సరిపోదా? (సింహాచలం నుంచి)

జవాబు: పప్పు చిన్న గిన్నెలో 7 గ్రాముల ప్రొటీన్ వస్తే, వెంట 15 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. రెండు గిన్నెలైతే 30. పుట్నాలు గుప్పెడులో 17. అదే గుప్పెడు పల్లీల్లో 5. కాబట్టి పప్పు ఒక గిన్నెతో ఆపి, మిగతాది సోయా ముక్కలు, పనీర్, పెరుగు, పల్లీలతో నింపండి.

పొడి సోయా ముక్కలు 50 గ్రాముల్లో 26 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పొయ్యి అక్కర్లేదు. స్టీలు డబ్బాలో వేసి, మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు పోసి 15 నిమిషాలు మూత పెట్టండి. గట్టిగా పిండి, మంచినీళ్లు పోసి మళ్లీ పిండండి. రెండోసారి పిండకపోతే ఆ పచ్చివాసన పోదు, సోయా అంటేనే మొహం తిప్పుకుంటారు. వాటిని మెస్ టమాటా కూరలోనో వంకాయ కూరలోనో కలుపుకోవచ్చు. లేదంటే నిమ్మరసం, మిరియాల పొడి, ఉల్లిపాయ చాలు. మొదటి వారం 25 గ్రాములతో మొదలుపెట్టండి. ఒకేసారి 50 తింటే కడుపు ఉబ్బుతుంది. మలబద్ధకం వస్తే రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్ పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి వెంటనే తాగేయండి. నీళ్లు తక్కువైతే అది మేలు చేయకపోగా కడుపులో గడ్డకడుతుంది.

ప్రశ్న: నాకు పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉంది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల వాడుతున్నాను. అమ్మకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది. ఇద్దరం కలిసి మొదలుపెడదామంటోంది. రోజుకు 70 గ్రాముల కొబ్బరినూనె తాగితే త్వరగా తగ్గుతామని ఎవరో చెప్పారట.

జవాబు: మీకు 100 గ్రాముల పద్ధతి ఫర్వాలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. అయినా మందు రాసిన డాక్టరుకు ఒక మాట చెప్పండి.

అమ్మగారి సంగతి పూర్తిగా వేరు. తిండిలో పిండిపదార్థం సగం చేసి ఇన్సులిన్ పాత మోతాదులోనే తీసుకుంటే అదే రోజు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలతోనూ అంతే. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులు వాడేవాళ్లు కార్బ్స్ బాగా తగ్గిస్తే, షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. డాక్టరు మందుల మోతాదు మార్చి రాసిచ్చాకే అమ్మగారు మొదలుపెట్టాలి. గర్భిణులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, తిండి మానేసి చిక్కిపోయే అలవాటున్నవాళ్లు సొంతంగా ఈ జోలికి పోవద్దు.

కొబ్బరినూనె వద్దు. 70 గ్రాములంటే 630 కేలరీలు, అందులో ప్రొటీన్ సున్న. చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మొదటిరోజే విరేచనాలు కావచ్చు.

ప్రశ్న: సాయంత్రం ఫ్రెండ్స్‌తో ఆర్కే బీచ్‌కి వెళ్తే ఏం తినాలి? ఆదివారం మెస్‌లో బిర్యానీ. అన్నట్టు, మొదటి వారం రెండున్నర కిలోలు తగ్గి, రెండో వారం మూడు వందల గ్రాములే తగ్గాను. డైట్ పనిచేయడం ఆగిందా?

జవాబు: బీచ్‌లో ముంత మసాలా అంటే మరమరాలు, అంటే బియ్యమే. బజ్జీకి శనగపిండి, పునుగులకు పిండి, చెరుకు రసం సరేసరి. ఉడికించిన పల్లీలు తినండి. చేప వేపుడు తింటే పిండి పూత లేకుండా మసాలా మాత్రం పట్టించినది అడగండి. కొబ్బరి బోండాం ఒకటి తాగితే 12 నుంచి 15 గ్రాములు లెక్కలో రాసుకోండి, చెమట పట్టిన రోజు అది మంచిదే. బిర్యానీ రోజు ముక్కలు ముందు ఏరుకుని, రైస్ మీరు తూచిన గిన్నెకు ఒకటిన్నర వేసుకుని, రాత్రి పిండిపదార్థం మానండి.

మొదటి వారం తగ్గిందాంట్లో ఎక్కువ భాగం నీరు. కండరాల్లో, కాలేయంలో దాచిన ప్రతి గ్రాము పిండిపదార్థం వెంట మూడు గ్రాముల నీరుంటుంది, నిల్వ ఖర్చయితే అదీ పోతుంది. అందుకే బిర్యానీ తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. అసలు లెక్క రెండో వారం నుంచి. అలాంటప్పుడు 300 గ్రాములంటే తక్కువేం కాదు. వారానికి ఒక్కసారి, ఒకే మెషీన్ మీద, పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకోండి. బొడ్డు దగ్గర టేపుతో నడుం కొలత కూడా రాసుకోండి. ఒక్కోసారి మెషీన్ కదలని వారం టేపు కదులుతుంది.