ఎండకు భయపడి లిక్విడ్ కూలర్ కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ముహూర్తాలున్న నెలలో 35 వేల దాకా వస్తాయి, మూఢం పడితే పది వేలు కూడా కష్టమే. రైజెన్ 7 7700 ప్రాసెసర్‌తో 95 వేలలో కంప్యూటర్ చేయించుకుంటున్నాను. మన ఎండలకు మామూలు ఫ్యాన్ కూలర్ చాలదని, ప్రాసెసర్ కాలిపోతుందని షాపాయన 9,500 రూపాయల లిక్విడ్ కూలర్ పెట్టమంటున్నాడు. మంచి గాలి కూలరైతే 2,800. లిక్విడ్‌కు వెళితే ఈఎంఐ పెట్టాల్సి వస్తుంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దు. ఈ ప్రాసెసర్ బాక్సులోనే దాన్ని తయారుచేసే ఏఎండీ వాళ్ల ఫ్యాన్ కూలర్ వస్తుంది. దాని డబ్బులు మీరు ఎలాగూ కడుతున్నారు. షాపులో ‘ట్రే’ ప్రాసెసర్ (బాక్సు లేకుండా విడిగా అమ్మేది) ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, అందులో కూలర్ ఉండదు.

కాలిపోతుందన్న మాట పట్టించుకోకండి. 95 డిగ్రీలకు చేరితే ఈ ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పైగా ఇది 65 వాట్ల రకం, అంటే తక్కువ వేడి పుట్టించేది. మే నెలలో మిద్దె మీది గదిలో 40 డిగ్రీలుంటే, నీళ్ల కూలరైనా గాలి కూలరైనా ప్రాసెసర్‌ను అంతకంటే చల్లబరచలేదు. లిక్విడ్ కూలర్‌లోని నీళ్లు కూడా చివరికి రేడియేటర్ దగ్గర ఆ గది గాలితోనే చల్లారాలి కదా! ఎడిటింగ్‌లో బాగా వేడెక్కే గ్రాఫిక్స్ కార్డుకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక లెక్క. లిక్విడ్ కూలర్‌లో పంపు ఉంటుంది, లోపలి ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది. ఐదేళ్లు పనిచేసిందనుకున్నా ఏడాదికి 1,900 రూపాయలు పడుతుంది. గాలి కూలర్‌లో అరిగేది ఫ్యాన్ ఒక్కటే. ఎనిమిదేళ్లు వాడితే ఏడాదికి 350. ఫ్యాన్ పోతే కొన్ని వందలతో ఆ సాయంత్రమే మార్చుకోవచ్చు. ముహూర్తాల సీజన్ మధ్యలో పంపు ఆగిపోయి, దాన్ని వారంటీకి వేరే ఊరు పంపాల్సి వస్తే? ఆగిన పని ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

ఈఎంఐ అసలే వద్దు. మూఢం నెలలో కూడా వాయిదా ఆగదు. ‘నో కాస్ట్’ అని రాసున్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ చాలాసార్లు మీ నెత్తినే పడతాయి.

చేతిలో డబ్బు కూడినప్పుడు కూలర్ కంటే ముందు యూపీఎస్ చూడండి. ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) సగంలో ఉండగా కరెంటు పోవడం మీకు కొత్త కాదనుకుంటాను. మిగిలినది బ్యాకప్ హార్డ్‌డిస్కుకు దాచండి. తాళి కట్టే ఘట్టం ఫైలు పోతే మళ్లీ తీయలేరు, పార్టీ మాత్రం ఊరుకోదు.

ఏప్రిల్, మే నెలల్లో పెద్ద ఫైలు ఎక్స్‌పోర్ట్ పెట్టి ఉష్ణోగ్రత గమనించండి. 95 దగ్గరే నిలిచి పని మందగిస్తున్నా, ఫ్యాన్ మోత భరించలేకపోయినా అప్పుడు ఆ 2,800 గాలి కూలర్ కొనండి. కూలర్ ఎత్తు మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో ముందే అడగండి. ఈలోగా దుమ్ము తుడవడానికి ఒక పెయింట్ బ్రష్ చాలు.

250 వాట్లు తాగే ఇంటెల్ ప్రాసెసర్ ఐ9 14900కే లాంటిది కొంటూ ఉంటే నేనే లిక్విడ్ పెట్టమనేవాణ్ణి. మీ పనికి అది అక్కర్లేదు.