పది నిమిషాల ఎంఆర్ఐని నమ్మవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. మూడేళ్ల క్రితం మోకాలికి ఎంఆర్ఐ తీసినప్పుడు అరగంటకు పైగా పట్టింది. ఇప్పుడు నొప్పి తిరగబెడితే మరోచోట తీయించుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయిందన్నారు! మెనిస్కస్ (మోకాలి కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరిగిందని రిపోర్టు ఇచ్చారు. ఇంత తొందరగా తీసింది సరైనదేనా? మళ్లీ తీయించుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఎంఆర్ఐలో బొమ్మ ఫొటోలా ఒక్కసారిగా పడదు. సంకేతాలను గీత తర్వాత గీతగా సేకరించాలి. ఒక్కో బొమ్మకు వందల గీతలు కావాలి. ఆలస్యమంతా అక్కడే.

స్కాన్‌కు ముందు మీ మోకాలి చుట్టూ తొడుగులాంటిది బిగించి ఉంటారు. దాన్ని కాయిల్ అంటాం. అందులో చిన్న చిన్న యాంటెన్నాలు చాలా ఉంటాయి. ప్రతిదీ తన పక్కనున్న భాగాన్నే గట్టిగా వింటుంది. గీతల్లో ఒకటి విడిచి ఒకటి సేకరిస్తే సమయం సగమవుతుంది గానీ, బొమ్మ మడతపడి ఒక భాగం మీద ఇంకో భాగం వచ్చి పడుతుంది. ఏ యాంటెన్నా ఎంత గట్టిగా విన్నదో లెక్కగట్టి కంప్యూటర్ ఆ మడత విప్పుతుంది. ఈ పద్ధతి 1990ల చివరి నుంచీ ఉన్నదే. అయితే ఊరికే రాదు. సమయం సగం చేస్తే స్పష్టత దాదాపు 30 శాతమైనా తగ్గి, బొమ్మ మీద ఇసుక చల్లినట్లుంటుంది. ఆ ఇసుకను తుడిచే పని కొన్నేళ్లుగా కృత్రిమ మేధ చేస్తోంది. మీ స్కాన్‌లోనూ బహుశా అదే వాడి ఉంటారు.

తుడవడం మితిమీరితే సన్నని చిరుగు కూడా చెరిగిపోవచ్చు. ఆ భయం నాకూ ఉంది. కానీ మీకు చిరుగు కనిపించింది. తెల్లని గీత మెనిస్కస్ అంచును తాకుతున్నట్లు కనీసం రెండు బొమ్మల్లో కనిపిస్తేనే మేం చిరుగని గట్టిగా చెబుతాం. నిజానికి నొప్పితో అరగంట పడుకున్న కాలు ఒక్కసారి కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. కదిలిన అరగంట స్కాన్ కన్నా కదలని పది నిమిషాల స్కానే నాకిష్టం. కదలిక వల్ల స్పష్టత లేదని రిపోర్టులో రాసి ఉంటే మాత్రం మళ్లీ తీయించుకోవడం గురించి అడగండి.

పాత, కొత్త బొమ్మలు రెండూ ఎముకల డాక్టరుకు చూపించండి. నలభై దాటాక నొప్పి లేని మోకాళ్లలో కూడా చిరుగులు కనిపిస్తుంటాయి. అందుకే కాలు పరీక్షించి చూడకుండా ఆపరేషన్ మాట వద్దు. మోకాలు మధ్యలో పట్టేసి చాచలేకపోతుంటే మాత్రం ఈ వారంలోనే వెళ్లండి.