చేతికి రాని జీతం మీద అప్పు వద్దు

ప్రశ్న: రెండేళ్లుగా స్థిరాస్తి వ్యవహారాలు చూసే న్యాయవాదిగా పనిచేస్తున్నాను. ఒక అంతర్జాతీయ న్యాయ సంస్థలోని రియల్ ఎస్టేట్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. మూడు నెలల్లో చేరాలి. జీతం ఇప్పటిదానికి మూడింతలు. ఆ ధైర్యంతో వ్యక్తిగత రుణం తీసుకుని ఫ్లాట్‌కు అడ్వాన్సు కట్టి, మిగతా మొత్తానికి గృహరుణం తీసుకుందామనుకుంటున్నాను. నా పొదుపు నెలన్నర ఖర్చులకు సరిపోతుంది. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. ఉద్యోగం మంచిదే, తప్పకుండా చేరండి. కొనుగోళ్లు, లీజులు, గిడ్డంగులకూ డేటా సెంటర్లకూ ఇచ్చే నిర్మాణ రుణాలు, ఇవన్నీ ఇంత చిన్న వయసులో దగ్గరగా చూసే అవకాశం అందరికీ రాదు. కానీ ఇంకా చేతికి రాని జీతాన్ని చూసుకుని అప్పు చేయడం నాకు వచ్చే ఉత్తరాల్లో పదేపదే కనిపించే పొరపాటు. మీ వృత్తిలో ఉన్నవారికి అది మరింత ప్రమాదం.

ఎందుకంటే మీ పని వడ్డీ రేట్ల వెంట నడుస్తుంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 మార్చిలో దాదాపు సున్నా నుంచి మొదలుపెట్టి, 2023 జులై నాటికి రేటును 5.25–5.50 శాతానికి చేర్చింది. అప్పు ఖరీదు కావడంతో భవనాల క్రయవిక్రయాలు బాగా తగ్గాయి. లావాదేవీలు లేకపోతే న్యాయవాదులు కక్షిదారులకు బిల్లు చేసే పని గంటలు ఉండవు. ముందు బోనస్ పోతుంది, ఆ తర్వాత ఉద్యోగానికే ఎసరు వస్తుంది. 2009 ఆర్థిక మాంద్యంలోనైతే పెద్ద న్యాయ సంస్థలు ఉన్నవారిని తొలగించడంతో ఆగలేదు. నియామక పత్రాలు ఇచ్చినవారి చేరికను కూడా నెలల తరబడి వాయిదా వేశాయి. అలాంటి సమయంలో ఫ్లాట్ అమ్మి బయటపడదామన్నా ధర రాదు. మీ జీతం, మీ ఆస్తి రెండూ ఒకే మార్కెట్‌ను నమ్ముకుని ఉంటాయి కదా!

మీ నియామక పత్రాన్ని ఒక కక్షిదారు తెచ్చిన లీజు అనుకుని మళ్లీ చదవండి. వీసా, ప్రాక్టీసు లైసెన్సు, పూర్వాపరాల విచారణ వంటి షరతులు ఏమున్నాయి? ప్రొబేషన్ ఎన్ని నెలలు? ఏడాదిలోపు మానేస్తే చేరిక బోనస్ వెనక్కి కట్టాలా? ఇన్ని షరతులున్న అద్దెను నమ్మి భవనం కొనమని మీ కక్షిదారుకు చెబుతారా? చెప్పరు. మరి మీకు మీరే ఎలా చెప్పుకుంటున్నారు?

ముందు అత్యవసర నిధి. మామూలు ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చులు చాలంటాను. మీకు పన్నెండు నెలలు కావాలి. ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో, విడిగా ఉంచండి. షేర్లలో వద్దు. చేరిన తర్వాత మొదటి ఏడాది పాత జీతంలో బతికినట్టే బతకండి. పెరిగిన రెండింతలూ నేరుగా ఆ ఖాతాలోకి వెళితే నిధి ఏడాది తిరగకముందే నిండుతుంది. చేరేలోగా ఉండే మూడు నెలల్లో ఆరోగ్య బీమా తెగిపోకుండా చూసుకోండి.

కొత్త జీతం వేరే దేశపు కరెన్సీలో వచ్చేటట్లయితే, ఇక్కడి అప్పు మారకపు రేటుతో పాటు బరువెక్కవచ్చు.

అడ్వాన్సు కోసం వ్యక్తిగత రుణమా? ఆ దరఖాస్తు ఇచ్చి ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. ప్రొబేషన్ పూర్తయి, పన్నెండు నెలల నిధి ఖాతాలో చేరాక ఫ్లాట్ గురించి మళ్లీ రాయండి. అప్పుడు గృహరుణం ఎంతవరకు తీసుకోవచ్చో లెక్క వేద్దాం.